బీడు పడ్డ చేనులో కంప తీయించాలంటే ఏ యంత్రం?

ఏళ్ళ తరబడి బీడు పడ్డ చేనును మళ్ళీ సాగులోకి తెచ్చుకోవాలనుకున్నవాళ్ళు మొదట అడిగేది గంటకు అద్దె ఎంత అని. జేసీబీకి ఇంత, పొక్లెయిన్‌కు అంత అని నలుగురి దగ్గర కనుక్కుని, తక్కువ చెప్పినవాళ్ళను రమ్మంటారు. మా ఇంట్లోనూ అదే జరిగింది. ప్రకాశం జిల్లాలో మా బాబాయికి ఆరెకరాల ఎర్రనేల ఉంది. పిల్లల చదువుల కోసం పట్నం చేరాక పదేళ్ళు ఆ చేను వైపు వెళ్ళినవాళ్ళు లేరు. సర్కారు తుమ్మ, రేగు కంప, వాటి మధ్య లాంటానా పొదలు పెరిగి గట్టు ఎక్కడుందో కూడా తెలియకుండా పోయింది. ఎకరానికి ఇంతని తక్కువ గుత్తకు ఒప్పుకున్న ఒక డోజరును, అంటే ముందున్న వెడల్పాటి ఇనుప బ్లేడుతో అన్నిటినీ తోసుకుపోయే గొలుసు బండిని, పిలిపించారు. రెండు రోజుల్లో చేను అరచేయిలా తయారైంది. ఊళ్ళోవాళ్ళు వచ్చి చూసి మెచ్చుకున్నారు.

తొలకరి పడ్డ నెలకు అదే చేనులో ఎటు చూసినా మోకాలెత్తు తుమ్మ పిలకలు. అంతకంటే పెద్ద నష్టం మెల్లగా బయటపడింది. పైమట్టి మొత్తం కంపతో పాటు ఈశాన్య మూలకు చేరి, రెండు తాటిచెట్ల పొడవున గుట్టగా పడి ఉంది. నడిచేనులో గరుసు తేలింది. మూడేళ్ళ పాటు అక్కడ వేరుశనగ ఊడలు నేలలోకి దిగలేదు. ఆ చేనును దారికి తేవడానికీ, తర్వాత బంధువుల పొలాల్లోనూ నేను దగ్గరుండి చాలాసార్లు కంప తీయించాను. యంత్రాన్ని ఎంచుకునేటప్పుడు నేలపైన కనిపించే పొద కంటే నేల కింది వేరును చూడాలన్నది అలా తెలిసివచ్చిన సంగతి. మిగతా లెక్కలన్నీ దాని తర్వాతే.

ముందు గడ్డపారతో ఒక చెట్టు తవ్వి చూడండి

సర్కారు తుమ్మ మన నేల చెట్టు కాదు. దాని పుట్టిల్లు మధ్య, దక్షిణ అమెరికా ప్రాంతం. 1877లో జమైకా నుంచి తెప్పించిన విత్తనాలను అప్పటి మద్రాసు అటవీ శాఖ మన కడప జిల్లా కమలాపురంలో నాటించింది. మెట్ట ప్రాంతాల్లో వంటచెరకు కొరత తీర్చాలన్నది ఉద్దేశం. ఆ పని అది చేసింది కూడా. కానీ పశువులు తీపికాయలు తిని పేడలో విత్తనాలు వదలడంతో చెరువులు, వాగులు, బీళ్ళు అన్నీ దానివే అయ్యాయి.

యంత్రం మాట్లాడుకునే ముందు గడ్డపార పట్టుకుని చేనులోకి వెళ్ళండి. మధ్యరకం తుమ్మచెట్టు ఒకదాన్ని ఎంచుకుని మొదలు చుట్టూ అడుగున్నర లోతు తవ్వండి. కాండమూ వేరూ కలిసేచోట, నేలకు కాస్త దిగువన, ముడులు ముడులుగా ఉబ్బిన భాగం కనిపిస్తుంది. దాన్ని దుంప అందాం. దాని మీద నిద్రపోతున్న మొగ్గలు ఉంటాయి. పైన నరికితే అవి మేలుకుంటాయి. ఒక్క కాండం ఉన్నచోట నాలుగైదు లేస్తాయి. ఈ దుంప ఊడివస్తే చెట్టు పోయినట్టే. దాని కింద తల్లివేరు ఎంత లోతున మిగిలిపోయినా అక్కడి నుంచి మళ్ళీ చిగురు రాదు. దుంప మిగిలిందా, మీరు పెట్టిన ఖర్చు కొమ్మలు కత్తిరించినందుకు ఇచ్చిన కూలి కింద లెక్క.

కంప అంతా ఒకే జాతి అనుకోవడం మరో పొరపాటు. లాంటానా వేరు పైపైనే ఉంటుంది. దాని ప్రధాన వేరును నేలకు కాస్త కిందగా కోసి, పొదను ఎత్తి తలకిందులుగా పెట్టే పద్ధతిని ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య సి.ఆర్. బాబు బృందం రూపొందించింది. అడవుల్లో ఇది బాగా పనిచేస్తోంది. పెద్ద యంత్రం కూడా అక్కర్లేదు. రేగు కంప అలా కాదు. నేలలో పక్కలకు పాకిన వేరు నుంచే పిలకలు వేస్తుంది కాబట్టి ఒక్కసారి పెకలిస్తే పోదు, తర్వాత లోతు దుక్కులు రెండు మూడు పడాలి. ఈత, తాటి జాతులకు తల్లివేరు ఉండదు. పీచువేళ్ళ ముద్ద మొత్తంగా లేచి వస్తుంది గానీ మనిషి లోతు గొయ్యి మిగులుతుంది.

చేనంతా ఒకసారి నడిచి మొదళ్ళ లావు గమనించండి. బొటనవేలంత ఎన్ని, మణికట్టంత ఎన్ని, తొడంత ఎన్ని. ఏ రకం ఎక్కువగా ఉందో దాన్నిబట్టే యంత్రం. ఈ నడకలోనే ఇంకొక పని ఉంది, అది మాత్రం మరవకండి. ఊళ్ళో పెద్దవాళ్ళను వెంటబెట్టుకుని పాడుబడ్డ బావులు ఎక్కడున్నాయో అడగండి. మన బీళ్ళలో ఒర కట్టని పాత బావుల మీద తుమ్మ గొడుగులా కమ్ముకుని ఉంటుంది. ఏడున్నర టన్నుల బండి దాని అంచుకు వెళ్తే ఒడ్డు విరిగిపోతుంది, ప్రాణాలు పోతాయి. బావి చుట్టూ నాలుగు బారల దూరంలో కర్రలు పాతి ఎర్రగుడ్డ కట్టండి. బోరు కేసింగు, పాత కరెంటు తీగలు, పొలం మీదుగా వెళ్ళే 11 కేవీ లైను కూడా గుర్తు పెట్టుకోవాలి. పొక్లెయిన్ చేయి ఎత్తితే ఆ లైను అందేంత ఎత్తుకు పోతుంది.

జేసీబీనా, పొక్లెయిన్‌నా

మన దగ్గర ఎక్కువమంది ముందుకు వచ్చే ఎంపిక ఈ రెండింటి మధ్యే కాబట్టి దీన్ని కాస్త నింపాదిగా చూద్దాం. పేర్ల సంగతి ముందు తేల్చుకుంటే మంచిది. జేసీబీ అనేది ఒక ఇంగ్లండు కంపెనీ పేరు, దాన్ని 1945లో స్థాపించిన జోసెఫ్ సిరిల్ బామ్‌ఫర్డ్ పేరులోని పొడి అక్షరాలు. పొక్లెయిన్ ఒక ఫ్రెంచి కంపెనీ పేరు. మన వాడుకలో ముందు పెద్ద బకెట్, వెనక తవ్వే చేయి ఉండి నాలుగు టైర్ల మీద నడిచేదల్లా జేసీబీ. గొలుసు పట్టాల మీద నడుస్తూ నడుము పైభాగం గుండ్రంగా తిరిగేదల్లా పొక్లెయిన్. కొన్నిచోట్ల దాన్నే హిటాచీ అంటారు. ఫోనులో మాట్లాడేటప్పుడు "టైర్లదా, గొలుసుదా?" అని అడిగి తేల్చుకోండి. కొందరు గొలుసు బండిని కూడా జేసీబీ అనే అంటారు.

జేసీబీ బలం అది దొరకడంలో ఉంది. దాదాపు ప్రతి మండలంలోనూ ఉంటుంది, రోడ్డు మీద తనంతట తానే నడిచి వస్తుంది, రవాణా ఖర్చు తక్కువ. ఒకే బండి తోయగలదు, తవ్వగలదు, ఎత్తి ట్రక్కులో పోయగలదు. రెండు మూడు ఎకరాల లోపు చేను, మణికట్టు లావు దాటని మొదళ్ళు అయితే నేను ఇంకో ఆలోచన లేకుండా దాన్నే పిలుస్తాను.

దాని కష్టం చేనులో నిలబడి చూస్తే అర్థమవుతుంది. వెనక చేయితో ఒక దుంప తవ్వాలంటే ఆపరేటరు బండిని వెనక్కు తిప్పి పెట్టాలి, సీటు వెనక్కు తిప్పుకోవాలి, బండికి వెనక ఉండే రెండు ఇనుప కాళ్ళు నేలకు దించాలి. అప్పుడు తవ్వాలి. మళ్ళీ కాళ్ళు ఎత్తి, సీటు ముందుకు తిప్పుకుని, ముందు బకెట్‌తో తోయాలి. తర్వాతి చెట్టు దగ్గర మళ్ళీ ఇదంతా మొదటినుంచి. చెట్లు దగ్గర దగ్గరగా ఉంటే గంటలో సగం కదలడానికే పోతుంది. అందుకే విసిగిపోయిన ఆపరేటరు వెనక చేయి వాడటం మానేసి, ముందు బకెట్‌తో చెట్టును ఒరిగించి విరిచేస్తాడు. పైకి పని వేగంగా జరిగినట్టు ఉంటుంది. దుంప మాత్రం నేలలోనే ఉండిపోతుంది. జేసీబీతో పని బాగా జరగలేదని చెప్పే చాలా చేలల్లో జరిగింది ఇదే.

టైర్ల సంగతి కూడా ఉంది. తుమ్మముల్లు పెద్ద టైరును అంతగా ఏమీ చేయదు. ఏటవాలుగా నరికి వదిలేసిన మోడు మాత్రం బల్లెంలా టైరు పక్కభాగాన్ని చీల్చేస్తుంది. ఇదివరకు ఎవరైనా కట్టెలు కొట్టుకుపోయిన చేను అయితే ఆ మాట ముందే చెప్పండి. చెప్పకుండా దింపి టైరు పోతే ఆ పూట పని ఆగిపోతుంది, తగాదా మొదలవుతుంది.

పొక్లెయిన్ ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. ఒకచోట నిలబడి చుట్టూ తన చేయి అందినంత మేర చెట్లు తీసేస్తుంది. మంచి ఆపరేటరు పని ఎలా చేస్తాడో ఒకసారి దగ్గరగా చూశాను. తొడ లావు తుమ్మ. బకెట్ పళ్ళను చెట్టుకు అవతలి వైపు రెండడుగుల దూరంలో దించి, ఆ పక్క వేళ్ళను తెంపాడు. తర్వాత బకెట్ వీపును కాండానికి ఛాతీ ఎత్తులో ఆనించి మెల్లగా అవతలికి తోశాడు. నేల పగిలింది. ఇవతలి వేళ్ళు ఒక్కొక్కటే పటపటమని తెగాయి. దుంప బయటికి కనపడగానే బకెట్‌ను దాని కిందికి పోనిచ్చి ఎత్తాడు. ఎత్తినదాన్ని అలాగే గాలిలో రెండు సార్లు ఊపాడు, మట్టి మొత్తం అదే గోతిలోకి రాలిపోయింది. చెట్టును పక్కన పెట్టి, బకెట్ వీపుతో గొయ్యి పూడ్చి, ముందుకు కదిలాడు. ఇదంతా రెండు నిమిషాలలోపే. ఆ చోట పైమట్టి పైనే ఉంది, దుంప పోయింది. మనకు కావలసింది ఈ రెండే.

బకెట్‌కు బదులు ఒంటిపన్ను రిప్పర్, అంటే నేలను చీల్చే కొక్కెం లాంటి ఇనుప పన్ను, ఉన్న బండి దొరికితే ఇంకా మంచిది. అది వేరును లాగుతుంది గానీ మట్టిని తోడిపోయదు. అమెరికాలోని టెక్సాస్ పశువుల మేతబీళ్ళలో ఇదే కుటుంబానికి చెందిన మెస్కీట్ చెట్లను ఇలా దుంపతో సహా పెకలించడం, లేదా డోజరు వెనక బరువైన నాగటి కర్రు కట్టి అడుగు లోతున వేరును కోసుకుంటూ పోవడం ఎప్పటినుంచో ఉంది. వాళ్ళకూ పైపైన నరికితే ఫలితం లేదని తెలిసొచ్చాకే ఆ పద్ధతులు వచ్చాయి.

పొక్లెయిన్‌తో చిక్కు రవాణా. ఇరవై టన్నుల బండిని రోడ్డు మీద నడపలేరు, ట్రైలరు మీద తేవాలి. ఆ ట్రైలరు మీ చేను దాకా రాగలదా? మధ్యలో కల్వర్టు ఆ బరువు ఆపుతుందా? పక్క రైతు చేనుగుండా గొలుసు బండి నడిస్తే ఆయన ఒప్పుకుంటాడా? చిన్నచేలకు ఏడెనిమిది టన్నుల చిన్న పొక్లెయిన్ మంచి మధ్యమార్గం. పిక్క లావు మొదళ్ళ వరకు హాయిగా తీస్తుంది, తొడంత చెట్లు నాలుగైదు ఉంటే చుట్టూ తవ్వి ఓపికగా తీయవచ్చు.

ఎకరం లెక్క వేసుకోండి, గంట లెక్క వద్దు

ఇక్కడ నేను వాడే అంకెలు లెక్క చూపడానికి మాత్రమే. మీ మండలంలో నడిచే అద్దెలు వేసుకుని ఇదే లెక్క మళ్ళీ కట్టండి.

జేసీబీ గంటకు 1,200 రూపాయలు, మీ కంపకు ఎకరానికి ఎనిమిది గంటలు పట్టిందనుకుందాం. ఎకరానికి 9,600. పొక్లెయిన్ గంటకు 2,200, ఎకరానికి నాలుగు గంటలు. అంటే 8,800. దీనికి ట్రైలరు రానూపోనూ 10,000 కలపాలి. ఒక్క ఎకరమే అయితే జేసీబీ 9,600తో పోతుంది, పొక్లెయిన్‌కు 18,800 అవుతుంది. ఎకరానికి మిగిలే 800 రూపాయలు ట్రైలరు ఖర్చును పూడ్చాలంటే పన్నెండు పదమూడు ఎకరాలు కావాలి. ఆ లోపు జేసీబీదే పైచేయి.

ఇప్పుడు అదే చేనులో చెట్లు తొడ లావున్నాయనుకోండి. జేసీబీకి ఎకరానికి పన్నెండు గంటలు, పొక్లెయిన్‌కు ఐదు గంటలు అయిందంటే 14,400, 11,000. ఎకరానికి తేడా 3,400. మూడెకరాలకే ట్రైలరు డబ్బు తిరిగి వచ్చేసింది. గంట అద్దెలు మారలేదు, ట్రైలరు మారలేదు. మొదళ్ళ లావు ఒక్కటే మారితే లెక్క ఇంత దూరం జరిగింది. అందుకే చేను నడిచి చూడమన్నాను.

ఎన్ని గంటలు పడుతుందో ముందే తెలియదు కదా అంటే, దానికి ఒక దారి ఉంది. చేనులో మధ్యరకంగా ఉన్న పది సెంట్లు గుర్తు పెట్టి మొదటి రోజు అక్కడే పని చేయించండి. పట్టిన సమయాన్ని పదితో గుణిస్తే ఎకరం లెక్క వస్తుంది. నచ్చకపోతే అక్కడితో ఆపేయవచ్చు. ఇద్దరు ముగ్గురు పక్క రైతులు కలిసి ఒకే వారంలో పొక్లెయిన్ తెప్పించుకుంటే ట్రైలరు ఖర్చు పంచుకుపోతుంది. దాన్ని మించిన పొదుపు ఈ పనిలో మరొకటి లేదు.

గుత్తకు ఇవ్వాలా, గంటకా? నా మాట అడిగితే గంటకే. గుత్త తీసుకున్నవాళ్ళకు తొందరగా ముగించడంలోనే లాభం, దుంప నేలలో మిగిలినా వాళ్ళకు నష్టం లేదు. గంటకు మాట్లాడుకుని, మీరు గడ్డపారతో పక్కనే నిలబడి, విరిగిన ప్రతి మొదలునూ చూపించి తీయించుకోండి. బండి చేనులో దిగిన సమయం, ఆగిన సమయం మీటరు చూసి కాగితం మీద రాసుకోవాలి. డీజిల్ ఎవరిది, ఆపరేటరు బత్తా ఎవరిది, కనీసం ఎన్ని గంటలకు డబ్బు కట్టాలి అన్నవి ముందు రోజే తేల్చుకోండి.

డోజరు గురించి జాగ్రత్తగా

మా బాబాయి చేను కథ చెప్పాను కాబట్టి డోజరు మీద నాకు కోపం అనుకోవచ్చు. యాభై ఎకరాల బీడు, దట్టమైన కంప, తర్వాత చదును కూడా చేయాలి అంటే డోజరు వేగాన్ని అందుకునేది లేదు. వెనక రిప్పర్ పళ్ళు ఉన్న డోజరు రెండడుగుల లోతు దాకా నేలను చీల్చుకుంటూ పోయి దుంపలను పైకి తెస్తుంది. తప్పంతా నున్నటి బ్లేడును నేలకు ఆనించి కంపను గీకించడంలో ఉంది.

ఆ గీకుడు విలువ ఎంతో ఒకసారి లెక్కేస్తే నాకు నిద్ర పట్టలేదు. ఒక ఎకరం మీద ఒక్క అంగుళం మందం మట్టి అంటే సుమారు 100 ఘనపు మీటర్లు. ట్రాక్టరు ట్రక్కుకు మూడు ఘనపు మీటర్లు వేసుకున్నా ముప్పై మూడు ట్రక్కులు. ఎరువు, పేడ, ఆకుచెత్త అంతా ఉండేది ఆ పైపొరలోనే. చెరువుమట్టి ట్రక్కుల లెక్కన కొని తోలుకునే మనం, ఉన్న మట్టిని డబ్బిచ్చి మూలకు తోయించుకుంటున్నాం.

డోజరే వాడాల్సి వస్తే పళ్ళ బ్లేడు ఉందా అని అడగండి. దువ్వెనలా ఉండి కంపను ఊడ్చి మట్టిని సందుల్లోంచి వదిలేస్తుంది. మన దగ్గర అరుదు, కానీ పెద్ద కాంట్రాక్టర్ల దగ్గర దొరకవచ్చు. లేకపోతే బ్లేడును నేలకు జానెడు ఎత్తున పట్టి ముందు చెట్లను పడగొట్టించి, తర్వాత రిప్పర్ వేయించి, పైకి తేలిన దుంపలను మనుషులతో ఏరించాలి. తడి నేలలో డోజరు వద్దే వద్దు.

ట్రాక్టరు, మల్చరు, మనిషి చేతి యంత్రాలు

బొటనవేలు లావు దాటని రెండేళ్ళ కంప, వయ్యారిభామ, తంగేడు, గడ్డి మాత్రమే ఉన్న చేనుకు భారీ యంత్రం దండగ. ట్రాక్టరుకు పళ్ళాల నాగలి కట్టి రెండు సార్లు దున్నించి, తర్వాత రోటావేటరు వేస్తే చాలు. అంతకంటే లావు మొదళ్ళ మీద రోటావేటరు వేస్తే కత్తులు వంగిపోతాయి, గేరు పెట్టె దెబ్బతింటుంది.

మల్చరు పేరుతో రెండు వేర్వేరు యంత్రాలు ఉన్నాయి, ఇక్కడ చాలామంది పొరబడుతున్నారు. పత్తికట్టెను, వరికొయ్యకాళ్ళను నలగ్గొట్టడానికి మామూలు ట్రాక్టరుకు తగిలించేది ఒకటి. అది చెట్లకు పనికిరాదు. రెండోది అడవి మల్చరు. గట్టి లోహపు పళ్ళు బిగించిన బరువైన రోలరు వేగంగా తిరుగుతూ నిలబడి ఉన్న చెట్టును పైనుంచి కిందికి పేళ్ళు పేళ్ళుగా చేసేస్తుంది. దాన్ని నడపడానికి మన ఊళ్ళలో ఎక్కువగా ఉండే 35, 50 హార్స్‌పవర్ ట్రాక్టర్ల శక్తి చాలదు. ఎక్కువ శక్తి గల ప్రత్యేక బండికో, పొక్లెయిన్ చేయికో తగిలిస్తారు.

అడవి మల్చరు పని చూడముచ్చటగా ఉంటుంది. కుప్పలు ఉండవు, తగలబెట్టే పని ఉండదు, నేల కదలదు, పేళ్ళన్నీ నేలమీదే పరుపులా పడి తేమను కాపాడతాయి. వాలు భూమిలో, మామిడి, జీడి తోటల వరుసల మధ్య, కావలసిన చెట్లను ఉంచి మిగతావి తీయాల్సిన చోట దాన్ని మించింది లేదు. దుక్కి దున్ని విత్తనం వేయాలనుకునే చేనులో సర్కారు తుమ్మకు మాత్రం నేను దాన్ని సిఫారసు చేయను. నేలమట్టానికి నలగ్గొట్టినా దుంప చెక్కు చెదరదు. ఏడాదికి రెండుసార్లు మళ్ళీ తిప్పించే స్తోమత ఉంటేనే దాని జోలికి వెళ్ళండి.

పెట్రోలు రంపం, భుజాన వేసుకునే బ్రష్ కట్టర్ గట్ల మీదికి, కంచె పక్కకు, బోరు చుట్టూ వాడటానికి ఉంచుకోండి. చెరువుకట్ట మీది తుమ్మకైతే ఇవే వాడాలి. కట్టలో దిగిన వేరును యంత్రంతో పెకలిస్తే కట్టకు బొక్క పెట్టినట్టే, వానాకాలంలో నీళ్ళు అక్కడి నుంచే దారి చేసుకుంటాయి. అయినా చెరువుకట్ట మనది కాదు, నీటిపారుదల శాఖ అనుమతి లేకుండా ముట్టుకోకూడదు.

కట్టెలు ముందు అమ్ముకోవాలా?

తుమ్మ కట్టెకు గిరాకీ ఉంది. బొగ్గు బట్టీలవాళ్ళు, వంటచెరకు వ్యాపారులు, జీవ ఇంధన విద్యుత్ కేంద్రాలకు సరఫరా చేసేవాళ్ళు తామే వచ్చి కొట్టుకుపోతారు, పైన డబ్బు కూడా ఇస్తారు. కాబట్టి లావుచెట్లున్న చేనులో ముందు కట్టెలు ఇవ్వడం తెలివైన పనే. ఒక్క షరతు పెట్టండి. మొదళ్ళను నేలమట్టానికి కొట్టకుండా నడుమెత్తున, కనీసం మూడడుగులు వదలమనండి. ఆ మూడడుగుల మోడే తర్వాత పొక్లెయిన్‌కు పట్టు. దాన్ని తోస్తేనే దుంప లేస్తుంది. నేలమట్టానికి కొట్టిన దుంపను వెతికి తవ్వాలంటే గంటలు రెట్టింపవుతాయి. కొనేవాళ్ళు కాస్త ధర తగ్గించమంటారు. తగ్గించి ఇవ్వండి, యంత్రం అద్దెలో అంతకు మించి మిగులుతుంది.

వేప, చింత, మద్ది లాంటి చెట్లు మధ్యలో ఉంటే వాటికి సున్నం గుర్తు పెట్టి వదిలేయండి. కొట్టాల్సే వస్తే 2002 నాటి నీరు, భూమి, చెట్ల పరిరక్షణ చట్టం, అందరూ వాల్టా అనేది, దాని కింద ముందుగా అనుమతి తీసుకోవాలి. సర్కారు తుమ్మ లాంటి వాటికి ఉన్న సడలింపుల సంగతి అటవీ రేంజ్ కార్యాలయంలో కనుక్కుని దిగండి. తాటి, ఈతలకు ఎక్సైజ్ శాఖ నిబంధనలు వేరు. ఎర్రచందనం మొక్క కనిపిస్తే మీ పట్టా భూమి అయినా సరే చేయి వేయకండి.

ఎప్పుడు దించాలి

ఎర్రనేలలో మంచి వాన పడ్డ వారం పదిరోజులకు, నేల పదునులో ఉన్నప్పుడు దించితే వేళ్ళు తెగకుండా పొడుగ్గా లాక్కుని వస్తాయి. నడివేసవిలో అదే నేల బండలా ఉండి కాండం విరుగుతుంది గానీ దుంప రాదు. నల్లరేగడి దీనికి పూర్తిగా వేరు. తడిలో టైర్ల బండి కడుపు దాకా దిగబడుతుంది, గొలుసు బండి దిగబడకపోయినా మట్టిని ముద్ద చేసి గట్టిపరుస్తుంది. అక్కడ పైర్లు ఎత్తేశాక మాఘ ఫాల్గుణాల్లో, నేల బీటలు తీసే సమయం మేలు.

పని మొదలుపెట్టే ముందు రోజు డప్పు కొట్టించో, బండి ఇంజను కొంతసేపు చేను అంచున నడిపించో పొదల్లో ఉన్న జీవాలకు పోయే సమయం ఇవ్వండి. రక్తపింజరలు, నాగులు ఉండని తుమ్మ బీడు ఉండదు. కుప్పలు ఎత్తే మనుషులకు మోకాళ్ళ దాకా బూట్లు, తోలు చేతిజోళ్ళు కొనివ్వండి. తుమ్మముల్లు విరిగి లోపల ఉండిపోతే కాలు నెలరోజులు వాస్తుంది.

తీసిన కంపను ఒకేచోట గుట్ట వేయించకండి. వాలుకు అడ్డంగా, ముప్పై నలభై అడుగులకు ఒక వరుసగా పేర్పిస్తే వానకు కొట్టుకుపోయే మట్టి వాటి దగ్గర ఆగుతుంది, వేళ్ళకు అంటిన మట్టి కూడా చేనులోనే రాలుతుంది. నెల ఎండాక దుంపలను బొగ్గువాళ్ళకు ఇవ్వవచ్చు.

తొలకరి తర్వాత మూడోవారంలో చేనంతా మళ్ళీ నడవాలి. పెకలించిన గోతుల్లో మిగిలిన దుంపల నుంచి లేత పిలకలు, పేడపడ్డ చోట్ల గుంపులుగా విత్తు మొలకలు కనిపిస్తాయి. మొలక అయితే చేత్తో లాగితే వచ్చేస్తుంది. లాగినా రానిది దుంప పిలక, దానికి గడ్డపార కావాలి. మా బాబాయి చేనులో రెండోసారి పొక్లెయిన్‌తో తీయించాక మొదటి వానకు ఇద్దరు మనుషులు నాలుగు రోజులు ఇలా తవ్వారు. మరుసటి ఏడు ఒక్క పూట సరిపోయింది.